ఒక్క తలకే పట్టే టోపీ

చీకటిగదిలో పనిచేసేవాళ్ళకి ఆవిడంటే భయం. వెలుతురులో పనిచేసేవాళ్ళకి ఆవిడంటే ఒళ్ళుమంట. ఈ రెండు సంగతులూ ఆవిడకి తెలుసు, రెండూ ఆవిడకి ఇష్టమే.

అది ఎక్స్‌రే ఫిల్ము కోసే ఫ్యాక్టరీ. పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టే బొటనవేలంత ముక్క దగ్గర్నుంచి ఛాతీ మొత్తం పట్టే పెద్ద షీటు దాకా అన్ని కొలతలూ అక్కడే కోస్తారు. వెలుతురు సోకితే ఫిల్ము పాడైపోతుంది గనక ఆ కోత అంతా ఒకే గదిలో, తలుపు వెనక ఇంకో తలుపు పెట్టి, గోడలకి నల్లరంగు కొట్టి, కళ్ళు పొడుచుకున్నా ఏమీ కానరాని చీకట్లో జరుగుతుంది. ఎర్రదీపం కూడా పెట్టనివ్వరు. గది మధ్యలో పొడుగాటి బల్ల, బల్ల అంచున వరసగా పిడి కత్తులు, కత్తికొక ఆడమనిషి. ఎడమచేత్తో ఫిల్మును జరిపి ఇనుప అంచుకి ఆనించాలి, కుడిచేత్తో పిడి కిందికి లాగాలి, తెగిన ముక్కని కుడిపక్కనున్న ట్రేలో పడెయ్యాలి. ట్రేలు నిండాక అందరివీ కలిపి నల్లసంచుల్లో కట్టి ఒకే పెట్టెలో సర్దేస్తారు. ఏ ముక్క ఎవరు కోశారో ఆ పెట్టెకీ తెలియదు, దేవుడికీ తెలియదు.

ఆవిడ ముక్క మాత్రం తెలిసిపోయేదని అనుకునేవాళ్ళు ఒకప్పుడు. పక్క గదిలో నమూనాలు పరీక్షించే మనిషి ఒక ముక్క తీసి కొలబద్ద ఆనించి, వెంట్రుకవాసి కూడా తేడా లేకపోతే, "ఇది పెద్దావిడది" అని పక్కన పెట్టేవాడు. అందుకే ఆవిడకి కొలతక్క అని పేరు పడింది. వెనకాల వేరే పేర్లు కూడా ఉన్నాయి గానీ వాటిని ఆవిడ ముందు అన్నవాళ్ళు లేరు. కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా చీకట్లో తడబడితే, "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా? ఇక్కడ వాటితో పనిలేదులే, చేతులైనా తెచ్చుకున్నావా?" అనేది. ఆ పిల్ల ఏడిస్తే, "ఏడుపు ఫిల్ము మీద పడనీకు, మచ్చ పడుతుంది" అనేది.

మొగుడు వదిలేశాడని చుట్టుపక్కల వాళ్ళు అనుకుంటారు. తానే వదిలేశానని ఆవిడ అంటుంది. అతను మాత్రం ఎక్కడో ఒళ్ళు చేసి, పళ్ళికిలిస్తూ సుఖంగా ఉన్నాడని వినికిడి. దాన్నిబట్టి ఎవరు బతికిపోయారో ఎవరికి వాళ్ళు తేల్చుకోవచ్చు.

ఆవిడ కుడిపక్క కత్తి చెల్లెలిది. ఉద్యోగం వేయించింది కూడా ఆవిడే. ఆ మాట రోజుకి ఒకసారైనా గుర్తుచెయ్యకుండా ఉండేది కాదు. చిన్నదానికి అక్క చెయ్యి రాలేదు గానీ, ఇద్దరు మనుషులకి సరిపడా నోరు వచ్చింది. చీకట్లో అందరికీ ఆ నోరే దీపం. ఎవరి అత్త ఎలా దగ్గుతుందో, మేనేజరు మెట్లెక్కేటప్పుడు ప్యాంటు ఎలా పైకి లాక్కుంటాడో, గొంతు మార్చి చెప్పి చీకట్లో నవ్వించేది. దాని మొగుడు నడుము దెబ్బ తిని మంచానికి అంటుకుపోయాడు. ఇంట్లో జీతం తెచ్చేది అదొక్కతే. అక్కాచెల్లెళ్ళవి పక్కపక్క వాటాలు, మధ్యలో ఒక పలచటి గోడ. ఇటు తుమ్మితే అటు చిరంజీవ అంటారు.

ఇలా ఉండగా ఆవిడ కుడిచేతికి వణుకు వచ్చింది.

అది ఒక్కసారి వచ్చి మీదపడలేదు. ముందు కోటు గుండీ పెట్టుకోబోతే వేళ్ళు గుండీని వెతుక్కున్నాయి. తర్వాత సూదిలో దారం ఎక్కడం మానేసింది. తర్వాత చెంచా పళ్ళకి తగిలి టకటకమంది. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే ఆయన దానికో పేరు పెడతాడు, పేరు పెట్టినదాన్ని దాచడం కష్టం. బయట ఎక్కడున్నా కుడిచెయ్యి పనికోటు జేబులో ఉండేది. ఎవరైనా ఏదైనా అందిస్తే, "అక్కడ పెట్టు, నాకేం చేతుల్లేక కాదు" అనేది, ఎడమచేత్తో తీసుకునేది. చీకటిగదిలోకి అడుగుపెట్టి రెండో తలుపు మూసుకున్నాక మాత్రం జేబులోంచి చెయ్యి బయటికి తీసి, దాని ఇష్టం వచ్చినట్టు ఊగనిచ్చేది. అంత సుఖం ఆవిడకి పుట్టింట్లో కూడా దొరకలేదు.

అయితే ఊగే చేత్తో లాగిన కత్తి తిన్నగా తెగదు. పెట్టెల్లో వంకర ముక్కలు కనిపించసాగాయి. మూల తెగిపోయినవి, అంచు మెట్టుగా తెగినవి. కొన్న ఆసుపత్రుల వాళ్ళు పెట్టెలు తిప్పి పంపారు. మేనేజరు ఒకరోజు మధ్యాహ్నం భోజనాల హాల్లోకి వచ్చి బల్ల మీద ఒక వంకర ముక్క పడేశాడు.

"ఇది ఎవరి ఘనకార్యం?"

ఆవిడ ముక్క వంక చూసి పెదవి విరిచింది. "ఇది కోతా? ఎలక కొరికినట్టుంది. సార్, చేతకాని వాళ్ళని పట్టుకుని బయటికి పంపండి. మా అందరి పేరూ పోతోంది."

"పంపుతానమ్మా. ఎవరో తెలియాలిగా. చీకట్లో ఎవరి చెయ్యి ఏం చేస్తోందో చూసే దారి దొరికింది."

ఆ దారి మర్నాడు ఒక తోలుసంచిలో వచ్చింది. దాన్ని తెచ్చిన సేల్స్ మనిషి సన్నగా, పొడుగ్గా, మాటకి ముందు ఒకసారి నవ్వు అతికించుకునే రకం. సంచిలోంచి పిడికెడంత నల్లటి గొట్టం ఒకటి తీశాడు. "నైట్ విజన్ మోనాక్యులర్ అంటారండీ. ఒక కంటితో చూడాలి. దీనికి తన దీపం తనకి ఉంది. ఆ వెలుతురు మనిషి కంటికి కనపడదు, మీ ఫిల్ముకీ ఆనదు. దీంట్లోంచి చూసేవాడికి మాత్రం గది గదంతా పచ్చగా, పట్టపగల్లా కనిపిస్తుంది."

చిన్నది ముందుకు వంగి చూసి, "ఒంటికన్ను రాక్షసుడి కన్ను పీకి తెచ్చినట్టుంది" అంది. ఆడవాళ్ళు నవ్వారు. అప్పట్నుంచి దాని పేరు ఒంటికన్ను.

ఆవిడ నవ్వలేదు. గది గదంతా పచ్చగా కనిపిస్తుందంటే, ఆ గదిలో ఊగే చెయ్యి కూడా కనిపిస్తుంది.

మేనేజరు గొట్టం చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడతారు? తలకి పెట్టుకునేది ఉందన్నారుగా?"

"మూడు రకాలు తెచ్చానండీ. మీ పనికి ఏది కుదురుతుందో మీరే తేల్చుకోండి."

మూడూ బల్ల మీద పరిచాడు. మొదటిది హెల్మెట్, నుదుటి దగ్గర ఇనపపలకకి గొట్టం తగిలించే కొక్కెం ఉంది. రెండోది వట్టి పట్టీలు, తల చుట్టూ ఒకటి, నడినెత్తి మీదుగా ఒకటి, గడ్డం కింద ఒకటి. వెనకాల చిన్న చక్రం, అది తిప్పితే బిగుస్తుంది, వదులవుతుంది. మూడోది మందపాటి గుడ్డతో తలకి అంటుకుపోయేలా కుట్టిన టోపీ. ముందువైపు తగిలించే గొట్టం బరువుకి తల వాలిపోకుండా వెనకాల చిన్న సంచీలో సీసం బిళ్ళలు వేసి కుట్టారు.

మేనేజరు చూపు పట్టీల మీద పడింది. తలకి తగిలించుకుని చక్రం తిప్పుకుంటూ, "ఇదే బాగుంది. పెద్దతలకీ పడుతుంది, చిన్నతలకీ పడుతుంది. ఇవాళ నేను, రేపు ఇంకొకరు, ఎవరైనా పెట్టుకోవచ్చు" అన్నాడు.

ఆ 'ఎవరైనా' అన్న మాట ఆవిడ చెవిలో సీసం పోసినట్టు పడింది. జేబులో చెయ్యి పిడికిలి బిగించి, గొంతు సవరించుకుంది.

"సార్, వస్తువు కొనేది ఫొటోకి కాదుగా. చీకట్లోకి తీసుకెళ్ళి చూడండి."

అందరూ కలిసి రెండు తలుపుల మధ్య ఇరుకు గదిలోకి వెళ్ళారు. దీపం తీసేశారు. మేనేజరు పట్టీలు పెట్టుకుని, గొట్టం కంటికి దించుకుని, "అబ్బో, అంతా కనిపిస్తోంది" అని మురిసిపోయాడు.

"నిలబడితే కనిపిస్తుంది లెండి. బల్ల మీదకి వంగినట్టు ఒకసారి వంగండి" అంది ఆవిడ.

ఆయన వంగాడు. పట్టీ నున్నటి జుట్టు మీద జర్రున జారింది. గొట్టం చివర కంటికి అంటుకుని ఉండాల్సిన రబ్బరు ఎడమైంది. ఆ సందులోంచి పచ్చటి వెలుగు ఆయన బుగ్గ మీదకి పాకింది. ఆ చీకట్లో మేనేజరు సగం ముఖం గాల్లో తేలుతున్నట్టు కనిపించింది.

"అమ్మో, సార్ బుగ్గకి పాచి పట్టింది!" అంది చిన్నది.

"నవ్వడం తర్వాత" అని కసిరింది ఆవిడ. "సార్, ఆ వెలుగు చాలదూ, పెట్టెకి పెట్టె ఫిల్ము మాడిపోవడానికి? వంకర ముక్కల్ని పట్టుకోబోయి మొత్తం తగలేసుకుంటాం."

సేల్స్ మనిషి నీళ్ళు నమిలాడు. రబ్బరు కంటికి కరుచుకుని ఉండాలని, అది మాత్రం నిజమని ఒప్పుకున్నాడు. దీపం వేశాక హెల్మెట్ సంగతి ఆవిడే తేల్చేసింది. ఎడమచేత్తో నెత్తిన బోర్లించుకుని, గోడకున్న అలమర కిందికి కావాలనే నడిచింది. ఠంగుమని మోగింది. "విన్నారా? గదిలో ఇలాంటి అలమరలు ఎన్నున్నాయో నేను చెప్పక్కర్లేదు. ఇది పెట్టుకున్న మనిషి ఎక్కడుందో గంట కొట్టి చెప్పినట్టు ఉంటుంది. తప్పు చేసేవాళ్ళు సర్దుకోరూ?"

మిగిలింది టోపీ. దాంట్లో సైజులున్నాయి. ఆవిడ సంచిలో ఎడమచెయ్యి పెట్టి అన్నిట్లోకీ చిన్న సైజుది వెతికి తీసింది. ఎడమచేత్తోనే ముడి విప్పి, జుట్టు చదును చేసుకుని మరీ తొడుక్కుంది. కొత్త చర్మం వేసుకున్నట్టు పట్టేసింది. వంగింది, లేచింది, మెడ విదిలించింది. రబ్బరు కంటి చుట్టూ చప్పరించుకున్నట్టు అతుక్కుంది. దీపం తీసి చూసినా వెలుగు చుక్క బయటికి రాలేదు. మళ్ళీ దీపం వేశారు.

"చూశారా సార్? మీ తలకి పెట్టి చూడండి."

మేనేజరు తలకి పెడితే అది నడినెత్తిన బుడిపెలా నిలబడింది. ఇంకొకావిడ తలకి పెడితే చెవుల పైదాకా కూడా రాలేదు.

"పెద్దసైజు తీసుకోవచ్చుగా" అన్నాడు మేనేజరు.

"తీసుకోండి. కానీ గది తెలిసిన తల అందులో ఉండాలిగా. ఆ గది నాకు అరచేతిలో గీతల్లా తెలుసు. ఎవరి కత్తి ఎలా మోగుతుందో, ఎవరు ఎప్పుడు ఊపిరి బిగబడతారో తెలుసు. మీరు కొత్తవాళ్ళని తెచ్చి నిలబెడితే బల్లకి గుద్దుకుని ముందు వాళ్ళ పళ్ళు రాలతాయి, తర్వాత మన ఫిల్ముతో వాళ్ళకే ఎక్స్‌రే తియ్యాలి."

మేనేజరు నవ్వేశాడు. నవ్విన మగవాడు ఒప్పుకున్నట్టే. ఒక గొట్టం, ఒక చిన్నసైజు టోపీ. చూసే పని ఆవిడది. కత్తి దగ్గర నిలబడక్కర్లేదు. ఆవిడ నోరు కట్టుకుంది గానీ లోపల ఎగిరి గంతేసింది. ఆ గదిలో చూడగలిగిన కన్ను ఒక్కటే ఉంటుంది, అది తనది. తన చెయ్యి తనకి తప్ప ఎవరికీ కనిపించదు. కొన్నాళ్ళు గడిచాక, చివరనున్న నత్తి పిల్లదో, పోట్లాటకి వచ్చే పొట్టిదో పేరు చెప్పేస్తే సరిపోతుంది.

అంతలో చిన్నది వెనకనుంచి వచ్చి అక్క తల మీది టోపీ లాగేసింది. "నన్నూ చూడనీ, పెద్ద నువ్వే రాణివైనట్టు" అని తన తలకి తొడుక్కుంది.

కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

ఒకే తల్లి కడుపున పుట్టిన తలలాయె. ఆవిడ ప్రపంచంలోని తలలన్నీ లెక్కేసింది గానీ, గోడ అవతల రోజూ తలంటుకునే తలని మరిచిపోయింది. చిన్నది గొట్టం కంటికి పెట్టుకుని, చేతులు చాపి, మేనేజరు నడక నడిచి చూపించింది. అందరూ పడీపడీ నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, చప్పట్లు కొట్టి, "భలే కుదిరింది! ఈ వారం అక్క, వచ్చేవారం చెల్లెలు. అక్క చూస్తున్నప్పుడు చెల్లెలు కోస్తుంది, చెల్లెలు చూస్తున్నప్పుడు అక్క కోస్తుంది. ఎవరికీ మెడ పట్టెయ్యదు" అన్నాడు.

ఆవిడ ముఖాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

ఆ సాయంత్రం పనికోటు విప్పకుండానే, ఇంటి వసారాలో బట్టలు ఆరేస్తున్న చెల్లెలి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నీకు ఆ పని వద్దని రేపు సార్‌తో చెప్పు."

"ఎందుకు చెప్పాలి? నిలబడి కత్తి లాగీ లాగీ నా భుజం ఊడొస్తోంది. ఒక వారం చూస్తూ తిరిగితే నీ సొమ్మేం పోయింది?"

"నీకు నోరు తప్ప ఏమీ లేదే. అక్కడ బుర్ర కావాలి."

"బుర్ర సరిపోయిందిగా, అందరూ చూశారు" అని చిన్నది తడి చొక్కా దులిపింది. తర్వాత నవ్వు ఆపేసి అక్క వంక చూసింది. జేబులో ఉన్న చేతి వంక కూడా చూసింది. "అక్కా, ఏదైనా ఉంటే నాతో చెప్పు. నేను పరాయిదాన్నా?"

అదొక్క క్షణం. ఆవిడ చెయ్యి బయటికి తీస్తే సరిపోయేది. మాట కూడా అక్కర్లేదు.

"నాకేముంటుంది? నా కోత నువ్వు ఈ జన్మలో కొయ్యలేవు. అదొక్కటే ఉంది" అని వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ టోపీ తొడుక్కుని, గడ్డం కింద పట్టీ ఎడమచేత్తో బిగించుకుని, ఇన్నేళ్ళుగా చూడని గదిలోకి మొదటిసారి చూపుతో వెళ్ళింది. అంతా పచ్చటి నీళ్ళలో మునిగినట్టు ఉంది. గోడకి తను అనుకున్న చోట అలమర లేదు, కొంచెం ఇవతలే ఉంది. బల్ల తను అనుకున్నంత పొడుగు లేదు. ఆడవాళ్ళ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ దేన్నీ చూడ్డం లేదు, వండిన చేప కళ్ళలా. ఎవరూ చూడరన్న ధైర్యంతో ముఖాలన్నీ వదిలేసి ఉన్నాయి. పొట్టిది నోరు తెరిచి నాలుక వేలాడేసి కోస్తోంది. నత్తి పిల్ల పెదవులు కదుపుతోంది, ఎవరితోనో తడబడకుండా గలగలా మాట్లాడేస్తోంది, చప్పుడు లేకుండా. మూలనున్నావిడ కళ్ళవెంట నీళ్ళు ధారకట్టి కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగడం లేదు. ఆవిడకి జాలి వెయ్యలేదు. దొంగల ఇంట్లో తాళంచెవి దొరికినట్టు అనిపించింది.

నడుచుకుంటూ చెల్లెలి ఎదురుగా వచ్చి నిలబడింది. చిన్నది ఏదో కథ చెబుతూనే కోస్తోంది. ఆవిడ కత్తి ఖాళీగా ఉంది, కత్తి పక్కనున్న ట్రే కూడా ఖాళీ. చిన్నది రెండు ముక్కలు కోసింది, మాట ఆపకుండానే ఎడమచెయ్యి చాపి ఆ ఖాళీ ట్రేలోకి పెట్టింది. వేళ్ళు ట్రే అడుగంతా తడిమాయి. ఒక అంచు వెతికినట్టు, మూల వెతికినట్టు. ఏమీ దొరకలేదు. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపయ్యాక మళ్ళీ వచ్చింది, మళ్ళీ తడిమింది, మళ్ళీ వెళ్ళింది. ఆ చేతికి ఇంకా ఎవరూ చెప్పలేదు, అక్క అక్కడ లేదని.

ఆవిడకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్క ట్రేలో వంకర ముక్కని వేళ్ళతో పసిగట్టి, తన కత్తి కిందకి లాక్కుని, వంకర తీసేసి, చిన్నకొలతగా కోసి తన ట్రేలో వేసుకుంటోంది చెల్లెలు. ఎన్నాళ్ళ నుంచో. అంత వాగుడుకాయ, ఈ ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెట్టెల్లోకి వెళ్ళిన వంకర ముక్కలు దాని చేతికి అందకుండా తప్పించుకున్నవి మాత్రమే. మిగతావన్నీ కలిస్తే ఆవిడ ఎప్పుడో ఇంట్లో కూర్చునేది.

ఆవిడ అక్కడే నిలబడి చూసింది. అంటే దీనికి తెలుసు. వచ్చేవారం చూడబోయేదేమీ లేదు, ఇది ఎప్పుడో చూసేసింది, వేళ్ళతో. తెలిసీ నిన్న వసారాలో ఏదైనా ఉంటే చెప్పమని అడిగింది. అడుక్కోమని అడిగింది. ఆవిడ బుర్రకి అలాగే తోచింది. తనకంటే చిన్నది, తను ఉద్యోగం వేయించినది, తన ఎంగిలి కొలతలు సర్దుతూ తనని మోస్తోంది. అది చేసిన మేలు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

భోజనాల వేళకి మేనేజరు గది తలుపు తట్టింది.

"దొరికింది సార్."

"అప్పుడేనా? ఎవరు?"

"చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. మా చెల్లెలు." ఆ మాటకి ఒక నిట్టూర్పు కూడా జోడించింది. "తన ముక్కలు కోసుకోవడం మానేసి పక్క ట్రేలో చెయ్యి పెడుతోంది. ఎవరో కోసినవి తీసి, కెలికి, మళ్ళీ కోస్తోంది. ఇవాళ నా ట్రే ఖాళీగా ఉన్నా చెయ్యి ఊరుకోలేదు. నా రెండు కళ్ళతో, అదే, ఒక కంటితో చూశాను."

చిన్నదాన్ని పిలిపించారు. నవ్వుతూ వచ్చింది, మేనేజరు ముఖం చూసి నవ్వు దించుకుంది.

"మీ చెయ్యి పక్క ట్రేలోకి ఎందుకు వెళ్తోంది?"

చిన్నది అక్క వంక తిరిగింది. ఆవిడ గోడ మీది గడియారం వంక చూస్తోంది.

"అలవాటు సార్."

"ఏం అలవాటు? మీరు కోసిన వంకర ముక్కలు అక్కడ వెయ్యడమా, అక్కడివి తీసి పాడుచెయ్యడమా?"

"అక్కని అడగండి."

"నన్నెందుకడగడం?" అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ చీకట్లో నాకేం కనిపిస్తుంది? ఇవాళ కనిపించింది, చెప్పాను. చెల్లెలని దాచిపెడితే రేపు నాకు ఈ టోపీ పెట్టుకునే అర్హత ఉంటుందా?"

మేనేజరు ఆ మాటకి కరిగిపోయాడు. ఇంత నిజాయితీ గల మనిషిని తన సర్వీసులో చూడలేదన్నాడు. చిన్నది నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. 'చెయ్యి జేబులోంచి తియ్యమనండి సార్' అంటే చాలు. ఆవిడ జేబులో చెయ్యి చచ్చిన పిట్టలా ముడుచుకుంది.

చిన్నది నోరు మూసుకుంది. కోటు విప్పి, మడతపెట్టి, మేనేజరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి చెల్లెలు వాకిట్లోనే కూర్చుని ఉంది. గోడ అవతల మరిది మూలుగుతున్నాడు. తిడుతుందనుకుంది ఆవిడ, తిట్టించుకోవడానికి సిద్ధపడి, తిరిగి తిట్టడానికి మాటలు కూడా పేర్చుకుని వచ్చింది.

"కూర్చో అక్కా."

"కూర్చోను. చెప్పేదేదో చెప్పు."

"నాకు చెప్పడానికి ఏముంది? నువ్వు చెప్పావుగా అంతా" అంది చిన్నది. గొంతులో కోపం లేదు, అదే ఆవిడకి నచ్చలేదు. "సార్ దగ్గర ఎందుకు చెప్పలేదా అని ఆలోచిస్తున్నావు కదూ? చెప్తే ఏమయ్యేది? నిన్నూ పంపేసేవాడు. ఇద్దరం ఈ వాకిట్లో కూర్చుని ఏడ్చేవాళ్ళం, నాలుగు రోజులకి కలిసిపోయేవాళ్ళం. ఆ అదృష్టం నీకెందుకు?"

"ఏం కూస్తున్నావే?"

"నువ్వు వెళ్ళు అక్కా. రోజూ వెళ్ళు. నేనెప్పుడు వచ్చి చెప్తానో అని రోజూ గేటు వంక చూసుకో. నేను చెప్పను. కానీ చెప్పనని నువ్వు నమ్మవు. నా గుట్టు ఇలా నీ చేతిలో ఉంటే నువ్వేం చేసేదానివో నీకు తెలుసు కాబట్టి."

ఆవిడ తలుపు దభీమని వేసుకుంది. గోడ అవతలనుంచి చెల్లెలు మొగుడికి మందు తాగిస్తూ మామూలుగా మాట్లాడుతున్న గొంతు వినిపించింది. మేనేజరు గొంతు కూడా పెట్టి ఏదో చెప్పింది. మరిది మూలుగు మధ్యలో నవ్వాడు.

ఆ తర్వాత పెట్టెలు శుభ్రంగా వెళ్ళాయి. ఒక్క వంకర ముక్క లేదు. ఉండదు మరి, వంకరగా కోసే చెయ్యి జేబులో ఉంది. చూసినవాళ్ళందరూ చెల్లెలే దొంగని తేల్చేశారు. జాలిపడ్డవాళ్ళు కూడా, "ఏమోనమ్మా, అది పోయాక ఆగిపోయిందిగా" అన్నారు. చీకట్లో ఇప్పుడు కథలు లేవు. కత్తుల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆడవాళ్ళు ముఖాలు సర్దుకుని, పెదవులు బిగించుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు నిటారుగా నిలబడి కోస్తున్నారు. నత్తి పిల్ల పెదవులు కదపడం మానేసింది. ఆవిడ ఒంటికన్నుతో వాళ్ళ మధ్య తిరుగుతూ, "భుజం దించు", "ఎటు చూస్తున్నావు" అంటూ ఏలింది. టోపీ నుదుటి మీద ఎర్రగా గాడి వేసింది. ఆ గాడిని ఆవిడ పతకంలా తిప్పుకుంది. కాకపోతే గేటు దగ్గర ఆడగొంతు వినిపిస్తే మాత్రం మెడ దానంతట అదే అటు తిరిగేది.

ఒకరోజు మేనేజరు కబురు పెట్టాడు. వెళ్ళేసరికి ఆయన అద్దం ముందు నిలబడి ఉన్నాడు. తల మీద టోపీ. మందపాటి గుడ్డ, వెనకాల సీసం సంచి, అచ్చం ఆవిడదే, కాకపోతే పెద్ద సైజు. కనుబొమల దాకా చక్కగా పట్టేసింది.

"ఎలా ఉంది? మీరు చెప్పిందే కరెక్టమ్మా, పట్టీలు పనికిరావు. నా తలకి కొలత ఇచ్చి కుట్టించాను. వెలుగు చుక్క బయటికి రావడం లేదు, చూడండి."

"మీకెందుకు సార్ ఈ శ్రమ? నేనున్నానుగా."

"అదే చెప్పబోతున్నాను. దొంగ దొరికింది, ఇంక కాపలా పని ఎవరైనా చేస్తారు. ఈ ఫ్యాక్టరీలో అంత గొప్ప చెయ్యి మీది, దాన్ని ఇన్నాళ్ళూ ఖాళీగా కూర్చోబెట్టాను. తప్పు నాదే. మీ చెల్లెలి కత్తి దగ్గరికి కొత్తమ్మాయిని తీసుకున్నాం. రేపు మీరు మీ కత్తి దగ్గర నిలబడి కోసి చూపించండి. కోత అంటే ఎలా ఉండాలో నాక్కూడా ఒకసారి కళ్ళారా చూడాలని ఉంది."

ఆవిడ నడుం నొప్పన్నది. ఆయన స్టూలు వేయిస్తానన్నాడు. కళ్ళు మసకలన్నది. చీకట్లో కళ్ళెందుకని ఆయన నవ్వాడు. ఒకప్పుడు ఆవిడే ఆ మాటతో పిల్లల్ని ఏడిపించేది.

మర్నాడు పొద్దున్న రెండో తలుపు మూసుకుంది. ఆవిడ తడుముకుంటూ వెళ్ళి తన కత్తి దగ్గర నిలబడింది. ఎడమచేత్తో ఫిల్మును జరిపి ఇనుప అంచుకి ఆనించింది. కుడిచెయ్యి జేబులోంచి తీసి పిడి మీద వేసింది. పిడి టకటకమని చిన్నగా మోగడం మొదలుపెట్టింది. రెండో చేత్తో అదిమి పట్టుకుందామంటే ఫిల్ము జారిపోతుంది. కుడిపక్కన కొత్తపిల్ల ఊపిరి వినిపిస్తోంది. ఆ పిల్ల చెయ్యి ఎవరి ట్రేలోకీ రాదు.

ఎదురుగా, బల్లకి అవతల, చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది.

"ఎక్కడున్నారు? ఆఁ... కనిపించారు." మేనేజరు గొంతులో సంబరం. "ఊఁ, మొదలుపెట్టండమ్మా. అందరూ ఒకసారి ఆపి వినండి, కొలతక్క కోస్తోంది."

బల్ల పొడుగునా కత్తులన్నీ ఆగిపోయాయి.